కూచుంటేనే కనపడే బొమ్మ

మా ఇంటికి ఆ టీవీ ట్రాక్టరు మీద, వరిగడ్డిలో పడుకుని, రెండు బొంతలు కప్పుకుని వచ్చింది. దించడానికి ఆరుగురు మగవాళ్లు పట్టారు. "పైలం రా, పైలం! నిండు చూలాలిని దించినట్టు దించల్ల" అని డ్రైవరు అరిచాడు. ఏడో నెల కడుపుతో అరుగు మీద కూర్చున్న నన్ను చూసి వాళ్లలో ఒకడు నాలిక కరుచుకున్నాడు. నాకు నవ్వాగలేదు.

బొంతలు తీసేసరికి నవ్వు దానంతట అదే ఆగింది. నా ఎద దాకా వచ్చే ఎత్తు, నేను చేతులు చాపితే సరిపోయే వెడల్పు. టీవీ అంటే బల్ల మీద పెట్టుకునేదని అప్పటిదాకా నా లెక్క. ఇది ఇంట్లోకి కొత్తగా వచ్చిన మనిషి మాదిరి నేల మీద నిలబడింది.

అది రెండువేల నాలుగు ఎండాకాలం, ఎన్నికల ఎండాకాలం. కాన్పుకని నేను పుట్టింటికి వచ్చి పది రోజులైంది. మా ఊరు పెద్దముడియం పక్కన ఒక చిన్న పల్లె. టీవీ పంపించింది పెద్దాయన. ఆయన పేరు మా ఊళ్లో ఎవరూ పలకరు, నేనూ పలకను. మా నాయన చిన్నసుబ్బయ్య ఇరవై ఏళ్లు ఆయన మనిషి. పెద్దాయన ప్రొద్దుటూరు కాపురం హైదరాబాదుకు మారుస్తూ ఇంట్లో సామాన్లు తలా ఒకరికి పంచాడు.

"సుబ్బయ్య నాకు శానా చేసినాడు, ఇది ఆయప్ప ఇంట్లోనే ఉండల్ల అన్నాడు పెద్దాయన" అని డ్రైవరు చెప్పాడు.

మా అమ్మ పేరు పెద్దసుబ్బమ్మ. చిన్నసుబ్బయ్యకు పెద్దసుబ్బమ్మ దొరికిందని ఊరంతా ఎగతాళి చేసేది, ఇంట్లో మాట చెల్లేదీ ఆ వరుసలోనే. ఆమె టీవీ చుట్టూ ఒకసారి తిరిగి వచ్చింది.

"నీ తమ్మున్ని తీసుకపోయి, తొమ్మిదేండ్లకు పెట్టె పంపించినాడా? మంచి బేరమే" అంది.

నాయన ఎక్కడ ఉంటాడో అక్కడే ఉన్నాడు, నడిమింట్లో లోపలి కొసన, గోడకు వీపు ఆనించి, మంచం మీద, వీధివాకిలి వైపు చూస్తూ.

తొమ్మిదేళ్ల కిందట పెద్దాయన పగవాళ్లు మా చిన్నాయనను గొర్రెల దొడ్డి దగ్గర చంపారు. చంపడానికి వచ్చిన ట్రాక్టరులో ఎదురింటి సంజీవయ్య ఉన్నాడు. మరుసటేడు మా వైపు వాళ్లు వేసిన బాంబుకు సంజీవయ్య ఎడమచేతి వేళ్లు మూడు పోయాయి. ఆ బాంబు ఎవరు వేశారని మా ఇంట్లో ఎవరమూ నాయనను అడగలేదు. కేసులు రాజీ అయ్యాయి. నాయన గొర్రెలన్నీ అమ్మేశాడు. పెన్న ఒడ్డూ గండికోట గుట్టలూ తిరిగిన మనిషి ఆ మూలకు చేరి, తిండీ నిద్రా అక్కడే పెట్టుకున్నాడు. ఆ తొమ్మిదేళ్లలో ఆయన ఒక్కసారి కూడా వాకిలికి వీపు పెట్టి కూర్చోలేదు.

ఆ ఉగాది తర్వాత ఒక వింత జరిగింది. మా పెద్దాయనా, సంజీవయ్య వాళ్ల పెద్దమనిషీ ఒకే పార్టీలో చేరి, ఒకే జీపెక్కి ఓట్లు అడగడానికి వచ్చారు. కింద మా వీధిలో మాత్రం వాళ్ల వాకిలీ మా వాకిలీ ఎప్పటి మాదిరే ఎదురెదురుగా ఉన్నాయి, మాటల్లేవు.

మరుసటి రోజు ప్రొద్దుటూరు నుంచి మోటారుసైకిలు మీద హుమాయున్ వచ్చాడు. పెద్దాయన ఇంట్లో ఆ టీవీని బాగుచేసేది ఈయనే. నడిమింట్లో ఆ కొసకూ ఈ కొసకూ నడిచాడు. మాది నాపరాళ్ల ఇల్లు, పొడుగ్గా సొరంగం మాదిరి ఉంటుంది. ఒక పక్కంతా ధాన్యం గాదెలు, ఇంకో పక్క వంటింటి దోవ.

"మామా, దీనికి ఈ ఇంట్లో ఒగటే తావుంది. నువ్వు కూచున్న తావు" అన్నాడు.

నాయన కదల్లేదు. "వాకిలి పక్కన పెట్టు."

"వాకిలి పక్కన అంత గోడ యాడుంది మామా? గాదె మీద పెట్టేకి ఇది రేడియోనా? ఎదురుగా పన్నెండడుగుల దూరమన్నా కావల్ల. ఇది గూడా నీ మాదిరే, గోడకు వీపు పెట్టుకోని వాకిలి చూస్తా కూచునే రకం."

ఆ మాట నాయన ముందు మా ఊరి మనిషి ఎవరూ అనరు. అమ్మ మాత్రం చీపురు కింద పడేసి, మంచం కోడు పట్టుకుని పైకి లేపింది.

"లెయ్. ఇరవై ఏండ్లు ఆయప్పకు కాపలా కూచున్న్యావు. ఇంగ ఆయప్ప పెట్టెను కూచోనీ."

నాయన లేచాడు. మంచం గాదె పక్కకు పోయింది. అక్కడి నుంచి కూడా వాకిలి కనపడుతుంది, అందుకని ఒప్పుకున్నాడు.

హుమాయున్ వెనక చెక్క విప్పి, రమ్మని నన్ను పిలిచాడు. అంత పెద్ద పెట్టెలో ఉన్నది మూడు చిన్న గాజు కళ్లు, వాటి మీద వాలుగా ఒక పెద్ద అద్దం. ఒక కన్ను ఎరుపు, ఒకటి ఆకుపచ్చ, ఒకటి నీలం. మిగిలిందంతా ఖాళీ చీకటి.

"సినిమా హాల్లో బొమ్మను మన వెనకాల నించి తెర మీదికి ఏస్తారు గదా పాపా. ఈడ తెర వెనకాల నించే ఏస్తుంది. మనం తెరకు ఇవతల పక్క కూచుంటాం. ఈ అద్దాన్ని మటుకు ఎవురూ గుడ్డతో తుడ్సకండి, గీతలు పడితే పాయ" అన్నాడు.

చెక్క బిగించి స్టెబిలైజరు పెట్టి మీట వేశాడు. తెర మీద ఒక మనిషి వార్తలు చదువుతున్నాడు. ఆయనకు ఒక పక్క ఎర్రటి మనిషి, ఇంకో పక్క నీలం మనిషి అంటుకుని ఉన్నారు. ముగ్గురూ ఒకేసారి నోళ్లు తెరుస్తున్నారు.

"దయ్యాలు పట్టినాయి" అంది అమ్మ.

"ట్రాక్టరు కుదుపులకు పక్కకు జరిగినాయి అత్తా. అర్ధగంట కాగితే సరిజేస్తా. ముందు ఆ వాకిలి ఎలుగు ఆపల్ల. తెర మీద ఎండ పడితే బొమ్మ సచ్చిపోతుంది."

తలుపు వేద్దామంటే నాయన ఒప్పుకోడు. వేస్తే ఎవరు వస్తున్నదీ కనపడదు. పైగా మే నెల, గాలాడక నేను ఉడికిపోతాను. అమ్మ లోపలికి పోయి ట్రంకుపెట్టెలో నుంచి ఒక నల్ల కంబళి తెచ్చింది. అంచుకు ఎర్రదారం కుట్టు. చిన్నాయనది. గొర్రెల వెంట పోయేటప్పుడు ఆయన భుజం మీద ఉండేది అదే. ఇంట్లో అంతకన్నా మందమైన గుడ్డ లేదు.

నాయన కంబళిని చూశాడు, అమ్మను చూశాడు, కాదనలేకపోయాడు. అమ్మ ఆయన వైపు చూడకుండా, స్టూలెక్కి వాకిలికి అడ్డంగా రెండు మేకులకు దాన్ని తగిలించింది. ఎడమపక్క కొస నిలవక జారిపోతే ఇంకోసారి తగిలించింది. ఇల్లు చల్లటి చీకటైంది.

అప్పుడు హుమాయున్ రిమోటు నొక్కితే తెర నిండా గీతలు వచ్చాయి. ముగ్గుకు పెట్టిన చుక్కల మాదిరి, ఎక్కడ చూసినా ఒకదాన్నొకటి కోసుకునే గీతలు, ప్రతి గీతకూ మూడు రంగులు. "గ్రీను కదల్దు. ఎర్రదాన్ని తెచ్చి దాని మీద కూచోబెట్టు. తర్వాత బులుగుది" అంటూ రిమోటు నా చేతిలో పెట్టాడు. ఎర్రగీత వెంట్రుకవాసి చొప్పున జరిగింది. నీలం గీత జరిగింది. మూడూ ఒకదాని మీద ఒకటి పడిన ఆ క్షణం రంగులన్నీ మాయమై, తెల్లటి గీత ఒకటే మిగిలింది.

నాకు ఒళ్లు జలదరించింది. మూడు రంగులు కలిస్తే తెలుపని బడిలో చదివాను, పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను. నా చేత్తో చేసేదాకా నమ్మలేదని అప్పుడు తెలిసింది. తొమ్మిదిచోట్ల అట్లా కలపాలి. నేను తొమ్మిదీ కలిపాను. హుమాయున్ చానలు పెట్టగానే ఒక నది తెర నిండా పారుతూ వచ్చింది. అమ్మ చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుంది, తర్వాత సిగ్గుపడి వదిలేసింది.

హుమాయున్ అటు పోగానే అమ్మ కొబ్బరికాయ కొట్టి తెరకు కుంకుమబొట్టు పెట్టింది. కొత్త మిషను ఏదొచ్చినా మా ఇంట్లో అదే వరస, మోటారుకైనా కుట్టుమిషనుకైనా. కానీ ఆ తెర అద్దం కాదు, సన్నసన్న గాట్లుండే ప్లాస్టిక్కు. కుంకుమ ఆ గాట్లలో దూరి, ఎంత తుడిచినా పోలేదు. అప్పటినుంచి ఎవరు నడుమకొచ్చి నిలబడితే వాళ్ల నుదుట బొట్టు పడేది. ఇంగ్లీషు వార్తలు చదివే దొరసానికి కూడా మా అమ్మ బొట్టే.

ఆ టీవీకి ఇంకో గుణం ఉంది. ఎదురుగా కూర్చుంటేనే బొమ్మ. లేచి నిలబడితే మసక, పక్కకు పోతే నలుపు. మొదటిరోజు చూడవచ్చిన మగవాళ్లు పెద్దరికంగా గోడవారగా నిలబడి, "ఏముంది మ్మే దీంట్లో, నల్లగా" అన్నారు. మా ఊళ్లో మగవాళ్లు నలుగురి మధ్య, వెనకెవరున్నారో తెలీకుండా, నేల మీద కూర్చోరు. రెండోరోజుకు కూర్చున్నారు.

నాయన ఒక్కడే కూర్చోలేదు. గాదె పక్కన మంచం మీద కంబళిని చూస్తూ ఉండేవాడు. మేమంతా ఒక్కసారిగా 'అబ్బా' అంటే తల తిప్పేవాడు. ఆయనకు కనపడేది నల్లటి పలక మాత్రమే. నాకు ప్రాణం ఉసూరుమనేది. ఇంత పెద్ద వింత ఇంట్లోకి వచ్చి, ఆయన చోట్లోనే కూర్చుని ఉంటే ఆయనకే కనపడకపోవడం నేను తట్టుకోలేకపోయాను. మనవడినో మనవరాలినో ఎత్తుకుని కూడా ఈయన ఆ మూల నుంచి వాకిలినే చూస్తాడా అని బుగులు పట్టుకుంది. ఆయన్ను ఒక్కసారి ఆ నడుమ కూర్చోబెట్టడమే నాకు పంతమైంది.

ఒక మధ్యాహ్నం రెండు గంటలకు ఏదో విదేశీ చానల్లో గొర్రెలు కనపడ్డాయి. పచ్చటి కొండ మీద నుంచి వేలకొద్దీ దిగుతున్నాయి. వెనక ఒక ముసలాయనా, ఒక కుక్కా.

"నాయనా, గొర్లు! రా నాయనా, చూద్దువు" అని కేకేశాను.

"ఎన్నుండాయి?" అన్నాడు మంచం మీద నుంచే.

"రెండువేలుంటాయేమో."

"ఈనినేవెన్ని?"

ఆయన లేచాడు. రెండడుగులు వేశాడు. అప్పుడే కంబళి కొస మేకు నుంచి జారి, ఎండ లోపలికి పడి, బొమ్మ వెలిసిపోయింది. నాయన గిరుక్కున వాకిలి వైపు తిరిగాడు. అక్కడ ఎవరూ లేరు. పోయి మళ్లీ మంచం మీద కూర్చున్నాడు. నాకు ఏడుపొచ్చింది, చాటుగా ఏడ్చాను కూడా.

ఆ వారంలోనే ఇంకొకటి జరిగింది. సంజీవయ్య భార్య పెంచలమ్మ చిన్న గిన్నెలో చింతకాయ తొక్కు పట్టుకుని మా అరుగెక్కింది. తొమ్మిదేళ్ల తర్వాత ఎక్కడం. "నాగులమ్మ నోరు చప్పగా ఉంటుందని" అంది నా వైపు చూసి. కడుపుతో ఉన్నదానికి తెచ్చిన తిండిని గుమ్మంలో నుంచి తిప్పి పంపితే బిడ్డకు తగులుతుందంటారు. అమ్మ ఒక్క ఘడియ ఆలోచించి పక్కకు తప్పుకుంది. పెంచలమ్మ నా పక్కన కూర్చుని గంటసేపు టీవీ చూసింది. పోతూ పోతూ కంబళి అంచున ఎర్రకుట్టును చూసి, గబగబా వీధి దాటేసింది.

ఓట్ల లెక్కింపు రోజు మా నడిమిల్లు కిక్కిరిసిపోయింది. నేను పొద్దున్నే గీతలన్నీ సరిచేసి పెట్టాను. పదకొండు గంటలకు పెద్దాయన గెలిచాడన్నారు. ఒంటిగంట దాటాక కేబులు వాళ్లు ప్రొద్దుటూరు ఊరేగింపు చూపించారు. లారీ మీద పెద్దాయన నిలువెత్తు మనిషిగా మా ఇంట్లో నిలబడ్డాడు. మెడలో దండ ఒక్కో పువ్వూ లెక్కపెట్టొచ్చు. నుదుట అమ్మ బొట్టు. పక్కన సంజీవయ్య వాళ్ల పెద్దమనిషి.

పెద్దాయన తన మెడలో దండ తీసి ఆయన మెడలో వేశాడు. ఇద్దరూ కావలించుకున్నారు. ఇంట్లో ఎవరూ చప్పుడు చేయలేదు.

"ఏమైంది? యాల అందరూ ఊరకైనారు?" అన్నాడు నాయన పక్క నుంచి.

"పెద్దాయన దండ తీసి ఆయప్పకేసినాడు. కావలించుకోనుండారు" అన్నాను.

"ఎవురినీ?"

"నువ్వే వచ్చి చూడు నాయనా."

ఆయన లేచి వచ్చాడు. జనం దోవ ఇచ్చారు. నడుమకు వచ్చి నిలబడి కళ్లు చికిలించాడు.

"నల్లగుంది."

"నిలబడితే అంతే. కూచో నాయనా."

ఒకసారి వెనక్కి తిరిగి కంబళిని చూశాడు. తర్వాత మోకాలి మీద చెయ్యి పెట్టుకుని, మెల్లగా నా పక్కన కూర్చున్నాడు. ఆయన వీపు వాకిలి వైపు ఉంది. కూర్చోగానే ఆయన ముఖం మీద రంగులు వెలిగాయి. నోరు కొంచెం తెరుచుకుంది. పెద్దాయనను పక్కన నిలబడి ఇరవై ఏళ్లు చూసిన మనిషి, ఎదురుగా కూర్చుని చూడటం అదే మొదలు. ఆ కావలింత ముగిసేదాకా రెప్ప వేయలేదు.

తటాలున తెర తెల్లబోయింది. వెనక ఎవరో కంబళి ఎత్తారు. అందరం తిరిగి చూశాం, నాయన తప్ప. కంబళి అంచును పట్టుకున్న చేతికి రెండే వేళ్లున్నాయి. సంజీవయ్య ఎర్రకుట్టు వైపే చూస్తూ, లోపలికీ రాలేక బయటికీ పోలేక నిలబడ్డాడు. వంటింటి దోవలో అమ్మ చేతిలో చాట అట్లాగే ఆగిపోయింది.

నాయన నా ముఖం చూశాడు. వచ్చింది ఎవరో అందులో ఆయనకు తెలిసిపోయి ఉంటుంది. నేను కడుపు మీద చెయ్యి పెట్టుకున్నాను.

"కంబళి దించు. బొమ్మ పోతాంది" అన్నాడు తెర వైపే చూస్తూ.

కంబళి దిగింది. చీకటైంది. అడుగుల చప్పుడు నడుమదాకా వచ్చి, సరిగ్గా నాయన వెనక ఆగింది.

"నిలబడితే కానరాదు. కూచో సంజీవా" అన్నాడు నాయన.

సంజీవయ్య కూర్చున్నాడు. ఇద్దరి మధ్యా మూరెడు కూడా లేదు. లారీ మీద ఇద్దరు పెద్దమనుషులూ చేతులు పట్టుకుని పైకెత్తారు. కింద ఎండలో కొందరు బుట్టలకొద్దీ దండలు మోస్తూ లారీ వెంట పరిగెత్తుతున్నారు.

సంజీవయ్య అడిగాడు. "ఆ దండలు మోస్తాండేది ఎవురు మామా?"

"మనమైతే గాదు" అన్నాడు నాయన.

ఎవరో నవ్వారు. సంజీవయ్యే. నవ్వో దగ్గో చెప్పలేను. నాయన నా మోకాలు తట్టాడు.

"నాగులూ, వీళ్లను చూసింది చాల్లే. రెండైంది. ఆ గొర్లు పెట్టు."

ఆ చానల్లో వారమంతా అదే వేస్తున్నారు. మీట నొక్కగానే పచ్చటి కొండ మా ఇంట్లోకి వచ్చేసింది. గొర్రెలు తెల్లగా, ఉన్ని బరువుతో, తెర పైనుంచి మా ఒళ్లోకి దిగుతున్నట్టు దిగాయి. ఒక్కోదాని ముక్కు తడి కూడా కనపడింది. జనమంతా 'అబ్బా' అన్నారు. నాయన అనలేదు. ఆయన పెదవులు కదులుతున్నాయి, జతలు జతలుగా లెక్కపెడుతున్నాడు. వెనక సంజీవయ్య పెదవులూ అంతే.

రెండువేల గొర్రెలు పోతున్నాయి. నాకు అన్నీ ఒకటే తెలుపు. ఉన్నట్టుండి ముందొక గొంతూ వెనకొక గొంతూ ఒకేసారి అన్నాయి.

"అదో, కుంటుతాంది!"

నేను వెతుక్కుని వెతుక్కుని చూస్తే, నిజమే, ఎడమ అంచున ఒకటి ముందుకాలు ఎత్తి ఎత్తి వేస్తోంది.

"ముల్లు ఇరిగింది" అన్నాడు సంజీవయ్య.

"ఆ తడిగడ్డిలో ముల్లు యాడిదప్పా? గిట్ట మెత్తబడింది."

"ఆ ముసిలాయన చూడకుండా పోతాండాడు మామా."

"కుక్క చూసింది చూడు. అది నయం."

అట్లా గంటసేపు వాదించుకున్నారు. నాయన ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు. ఆయన అంత మాట్లాడగలడని నేను పన్నెండేళ్లప్పుడు తెలుసుకుని, తర్వాత మరిచిపోయాను. నాకు ఆ మూడు రంగుల గీతలు తెల్లబడినప్పటి జలదరింపే మళ్లీ కలిగింది. ఈసారి నా చేతిలో రిమోటు ఊరికే ఉంది.

గొర్రెలు దొడ్డి చేరకముందే సంజీవయ్య లేచాడు. కంబళి ఎత్తుకుని బయటికి పోబోతుంటే ఎడమపక్క కొస జారి ఊడిపోయింది. ఎండ వచ్చి తెర మీద పడింది, గొర్రెలన్నీ వెలిసిపోయాయి. ఆయన గడప మీద నిలబడి, ఆ రెండు వేళ్లతోనే కంబళి అంచు పట్టుకుని మేకుకు తగిలించడానికి తంటాలు పడ్డాడు. జారిపోయింది. మళ్లీ ఎత్తాడు. అమ్మ స్టూలు వైపు ఒక అడుగు వేసి, ఆగిపోయింది.

నాయన వాకిలికి వీపు పెట్టుకునే, వెలిసిపోయిన తెర వైపు చూస్తూ అడిగాడు.

"అందుతాందా సంజీవా?"

సంజీవయ్య మునికాళ్ల మీద లేచి, అంచును మేకులోకి నొక్కాడు.

"అందింది మామా."

ఇంట్లో చీకటైంది. గొర్రెలు మళ్లీ వచ్చాయి.